మళ్ల ఎన్నిసార్లు రావాలె? పిల్లల కిడ్నీ ఆపరేషన్లు, రోబోలు, పాలమూరు దారులు



ఈ సభ ఆహ్వాన పత్రికలో రోబో అన్న మాట చూసి కాబోలు, వెనుక వరుసల్లో ఇంటర్ చదివే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లను కాస్త నిరాశపరచక తప్పదు. ఆపరేషన్ థియేటర్‌లోని రోబో తనంతట తాను ఏ పనీ చెయ్యదు. అదే గదిలో ఒక మూలన సర్జన్ కన్సోల్ ముందు కూర్చుంటాడు. లోపలి దృశ్యం పదింతలు పెద్దదిగా, లోతుతో సహా కళ్లకు కనిపిస్తుంది. సర్జన్ వేళ్లు కదిలిస్తే, ఆ కదలికను తగ్గించి, చేతి వణుకును వడకట్టి, పిల్లవాడి పొట్టలో ఉన్న పనిముట్లకు అందిస్తుంది ఆ యంత్రం. దానికి సొంత నిర్ణయం లేదు. సర్జన్‌కు రాని పని దానికీ రాదు.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో పత్రిక మీద ఉంది. కానీ ఈ ఊళ్లో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, పెద్ద సారు అంటేనే అందరికీ తెలుసు. ఆయన ఇంటివాళ్లు నన్ను పిలుస్తూ ఒక్క మాట అన్నారు: కొత్త వైద్యం గురించి చెప్పమ్మా, కాకపోతే మనోళ్లకు అందేదాని గురించి చెప్పు. నాకు ఆ రెండో ముక్కే ముఖ్యంగా తోచింది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పిల్లలకు ఏ పద్ధతిలో ఆపరేషన్ చెయ్యాలో తేల్చుకునేటప్పుడు మా వృత్తిలో వాళ్లం కోత ఎన్ని సెంటీమీటర్లు, నొప్పి ఎంత, ఆసుపత్రిలో ఎన్ని రాత్రులు అని లెక్క వేస్తాం. మా సదస్సుల్లో చర్చంతా దీని చుట్టూనే. మక్తల్ నుంచో దేవరకొండ నుంచో వచ్చిన తల్లి వేసే ప్రశ్న వేరు. కోత ఎంత ఉంటుందని అడిగినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. అందరూ అడిగేది ఒకటే: "మేడం, మళ్ల ఎన్నిసార్లు రావాలె?" కూలి పోవడం, బస్సు చార్జీలు, ఇంటి దగ్గర ఇంకో బిడ్డను ఎవరికి అప్పజెప్పాలన్న దిగులు, అన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి. చిన్న కోత మంచిదే. కానీ మన మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పిల్లల విషయంలో కొత్త పద్ధతికి విలువ కట్టాల్సింది ఆ తల్లి లెక్కతోనే అని నా అభిప్రాయం.

ముందు జబ్బు సంగతి. మాకు ఎక్కువగా వచ్చేది పీయూజే అబ్‌స్ట్రక్షన్. కిడ్నీ లోపల మూత్రం చేరే సంచి ఒకటుంటుంది. అది సన్నబడి మూత్రనాళంగా మారేచోట పుట్టుకతోనే ఇరుకుగా ఉండటమో, పైనుంచి ఓ రక్తనాళం అడ్డంగా పోవటమో జరిగితే, తూము దగ్గర పూడిక పడ్డ చెరువులాగా మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. దాన్నే హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. దాదాపు 1,500 మంది శిశువుల్లో ఒకరికి ఈ అడ్డంకి ఉంటుందని పుస్తకాల లెక్క. మగపిల్లల్లో ఎక్కువ, ఎడమ వైపు ఎక్కువ. ఎందుకో ఎవరికీ ఖాయంగా తెలియదు.

దీనిలో పెద్ద చిక్కేమంటే నొప్పి ఉండకపోవచ్చు. పసివాడు పాలు తాగుతాడు, ఆడుకుంటాడు, లోపల కిడ్నీ పొర పలచబడుతూ ఉంటుంది. తర్వాత ఎప్పుడో జ్వరం కాగుతుంది, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. చివరికి కడుపులో గడ్డ చేతికి తగిలితే స్కానింగ్. నిజానికి ఇది బిడ్డ తల్లి గర్భంలో ఉన్నప్పుడే తెలిసిపోయే జబ్బు. గర్భిణులకు చేసే స్కాన్లలో నూటికి ఒకటీ రెండింటిలో బిడ్డ కిడ్నీ కాస్త ఉబ్బి కనిపిస్తుంది. భయపడాల్సిన పని లేదు, వాటిలో ఎక్కువ భాగం ఏ కత్తీ తగలకుండా సర్దుకుంటాయి. మిగిలినవాటిని పుట్టాక వరుసగా చూస్తూ, ఏది సర్దుకుంటున్నది, ఏది చెడుతున్నది అని తేల్చాలి. దానికి అల్ట్రాసౌండ్ ఒకటి చాలదు. రెండు కిడ్నీలు ఏది ఎంత పని చేస్తున్నదో, మందు ఎంత సేపట్లో కిందికి జారుతున్నదో చూపే రేడియో ఐసోటోప్ స్కాన్ కావాలి. దానికి మన రెండు జిల్లాల్లోని ఎక్కువమంది పట్నం, అంటే హైదరాబాద్, పోవాల్సిందే.

2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో, గర్భంలోని బిడ్డ లోపాలు చూపే 56 టిఫా స్కానింగ్ యంత్రాలు ప్రారంభించింది. రోబో గురించి అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను. పిల్లల యూరాలజీలో ఆ యంత్రాల వల్ల దక్కే కిడ్నీలు ఏ రోబో వల్లా దక్కవు. అయితే గర్భంలో కనిపించిన ఉబ్బు గురించి స్కాన్ కాగితం మీద ఒక వాక్యం రాసి ఉంటుంది. కాన్పు అయ్యాక ఆ కాగితం ఇంట్లో దూలం సందులో ఉండిపోతే మొదటికొచ్చినట్టే.

ఇక మరమ్మతు. ఇరుకైన ముక్కను కోసి తీసేసి, మూత్రనాళాన్ని చీల్చి వెడల్పు చేసి, సంచికి మళ్లీ కుట్టడం. 1949లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆండర్సన్, హైన్స్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రచురించారు. డెబ్బయి అయిదేళ్లు దాటినా ఇప్పటికీ చేసేది అదే ఆపరేషన్, పేరు పైలోప్లాస్టీ. తర్వాత మారింది లోపలికి వెళ్లే దారి ఒక్కటే. పెద్దవాళ్లలో మొదటిసారి ల్యాప్రోస్కోపీతో కిడ్నీ తీసింది 1990లో, అమెరికాలో క్లేమన్ బృందం. పిల్లల్లో ల్యాప్రోస్కోపీ పైలోప్లాస్టీ గురించి 1995లో బోస్టన్ నుంచి పీటర్స్ బృందం రాసింది. 2000లో డా విన్చీ రోబోకు అమెరికాలో అనుమతి వచ్చిన రెండు మూడేళ్లకే అదే పీటర్స్ పిల్లల్లో దాన్ని వాడటం మొదలుపెట్టాడు.

ల్యాప్రోస్కోపీలో కష్టం కోయడంలో లేదు, కుట్టడంలో ఉంది. పసిపిల్లల మూత్రనాళం కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు. దానికి వాడే దారం కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది. పొట్టలోకి గాలి నింపి, 3 మిల్లీమీటర్ల గొట్టాల గుండా మణికట్టు లేని నిటారు పనిముట్లు పంపి, తెర మీద చూస్తూ ఒక్కో కుట్టూ వెయ్యాలి. ఒక కుట్టు బిగువైతే నాళం మూసుకుంటుంది, వదులైతే మూత్రం కారుతుంది. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, అందరికీ రాదు. రోబో పనిముట్లకు మణికట్టు ఉంటుంది, మనిషి చేయి తిరగని వైపు కూడా తిరుగుతుంది. కుట్టు సులువవుతుంది. నిజమైన లాభం ఇది. పత్రికల్లో ప్రకటనల్లో కనిపించే మచ్చ లేని పొట్ట కాదు.

మరి పసిపిల్లలందరికీ రోబోతో చేస్తే సరిపోదా? సరిపోదు. శిశువు పొట్టలో చోటు తక్కువ. పెద్దవాళ్ల పొట్టలో గాలి ఒత్తిడి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దాకా పెడతాం, పసివాడికి 6 నుంచి 8 దాటనివ్వకుండా చూస్తాం. దాటితే ఊపిరి పైకి తన్నుతుంది, గుండెకు రక్తం తిరిగిరావడం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలుస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. మత్తు డాక్టరు గారి కళ్లన్నీ మానిటర్ మీదే. రోబో గొట్టాలు ఎక్కువగా 8 మిల్లీమీటర్లవి. చేతులు ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే వాటి మధ్య ఎడం కావాలి. తుంటి ఎముకల ముందు కొనల మధ్య 13 సెంటీమీటర్లు, రొమ్ము ఎముక కింది కొన నుంచి జఘనాస్థి దాకా 15 సెంటీమీటర్లు దాటితే రోబో చేతులు కొట్టుకోవడం తగ్గుతుందని ఓ అమెరికా బృందం 2015లో లెక్క కట్టింది. అంటే టేపు పెట్టి కొలిచి తేల్చుకోవాల్సిన విషయం ఇది. మన దగ్గర ఏడాది పిల్లల్లో బరువు తక్కువవాళ్లు ఎంతమందో ఈ సభలో ఉన్న అంగన్‌వాడీ టీచర్లకు నేను చెప్పక్కరలేదు.

ఇంకో మాట. ఆరు నెలల పసివాడికి నడుము వెనుక రెండు, మూడు సెంటీమీటర్ల కోతతో పాత పద్ధతిలో పైలోప్లాస్టీ చేస్తే, నేర్పున్న చేతుల్లో నూటికి తొంభై అయిదు మందికి పైగా బాగవుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతాడు. ఆ వయసులో మూడు చిన్న రంధ్రాల మొత్తం పొడవు, ఆ ఒక్క కోత పొడవు ఇంచుమించు సమానం. హైదరాబాద్‌లో పిల్లల యూరాలజిస్టుగా పనిచేస్తున్న వి.వి.ఎస్. చంద్రశేఖరం పసిపిల్లల ల్యాప్రోస్కోపీ పైలోప్లాస్టీ మీద అంతర్జాతీయ పత్రికల్లో ఎన్నో వ్యాసాలు రాశారు. చెన్నై డాక్టరు రమేశ్ బాబుతో కలిసి ప్రపంచంలోని ఫలితాలన్నీ పోగేసి పద్ధతులను పోల్చారు కూడా. ఇలాంటి పోలికలన్నిట్లో తేలేది ఒకటే, కిడ్నీ బాగుపడే విషయంలో పద్ధతిని బట్టి చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఏడాదిలోపు బిడ్డకు కోత పెట్టి చేస్తామని డాక్టరు చెబితే, పాతకాలపు వైద్యమని చిన్నబుచ్చుకోవద్దు. అప్పు చేసి రోబో కోసం పరుగెత్తాల్సిన పని అసలే లేదు.

పెద్ద పిల్లల్లో లెక్క మారుతుంది. పదేళ్ల వాడికి నడుము కండరాలు కోస్తే నొప్పి ఎక్కువ, బడి ఎక్కువ పోతుంది. ఒకసారి చేసిన పైలోప్లాస్టీ చెడి మళ్లీ చెయ్యాల్సి వచ్చినప్పుడు, మచ్చ కట్టిన కండలో నాళాన్ని వెతికి కుట్టాల్సినప్పుడు రోబో మణికట్టు విలువ తెలుస్తుంది. వెన్నుపూస లోపంతో పుట్టి మూత్రాశయం గట్టిపడ్డ పిల్లలకు పేగు ముక్కతో మూత్రాశయాన్ని పెద్దది చేసి, అపెండిక్స్‌ను గొట్టంగా వాడి బొడ్డు దగ్గరికి దారి తెచ్చే ఆపరేషన్ ఒకటుంది. షికాగోలో పనిచేసే మోహన్ గుండేటి 2008లో దాన్ని మొత్తంగా రోబోతో లోపలే చేసి చూపించారు. ఆ బిడ్డ ఆ తర్వాత రోజూ బొడ్డు దగ్గర సన్నని గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకుంటూ, తడి బట్టలు లేకుండా బడికి పోగలదు. అలాంటి పనికి కోట్ల యంత్రం కొన్నా నాకు అభ్యంతరం లేదు. పంజాగుట్ట నిమ్స్‌లో 2023లో రోబో వచ్చింది, సుమారు 35 కోట్ల రూపాయల ఖర్చుతో. అక్కడ ఆపరేషన్‌కు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ అనే హామీ కాగితం కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడ్డవాళ్లు ఈ సభలోనూ ఉండి ఉంటారు.

యంత్రం గొప్పతనం గురించి మాట్లాడుతున్నాను గనుక ఒక చేదు జ్ఞాపకం కూడా చెప్పాలి. మన ఊళ్లకు ల్యాప్రోస్కోపీ వచ్చింది కార్పొరేట్ ఆసుపత్రుల గుండా కాదు, కుటుంబ నియంత్రణ క్యాంపుల గుండా. డీపీఎల్ ఆపరేషన్ అంటే ఇక్కడి ఆడవాళ్లందరికీ తెలుసు. బొడ్డు దగ్గర రంధ్రం, పది నిమిషాల పని, సాయంత్రానికి ఇల్లు. 2022 ఆగస్టు 25న మనకు ఆనుకునే ఉన్న ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజే 34 మంది మహిళలకు అలా చేశారు. నలుగురు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. రంధ్రం చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ చిన్నది కాదు. గొట్టం లోపలి సందుల్లో క్రిమి చావాలంటే ఎంతసేపు ఏ ద్రావణంలో ఉంచాలో అంతసేపు ఉంచాలి. బయట వరుసలో ఎంతమంది ఉన్నా సరే. నలుగురి ప్రాణం పోయినచోట ఈ మాట ఎంత చిన్నగా వినిపిస్తుందో నాకు తెలుసు. అయినా జిల్లా ఆసుపత్రుల్లో కొత్త ల్యాప్రోస్కోపీ సెట్లు వచ్చినప్పుడల్లా రిబ్బన్ కత్తిరించేవాళ్లను నేను అడగదలచుకున్నది ఇదే: శుభ్రం చేసే గది ఎక్కడ, అందులో పనిచేసేది ఎవరు?

మత్తు గురించి కూడా ఇక్కడ ఓ ముచ్చట. మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీద, 1890లో. దానికి ఒకటి రెండేళ్ల ముందు, 1888లో, 1889లో, అదే నిజాం సొమ్ముతో హైదరాబాద్‌లో సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. క్లోరోఫామ్ గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్నది వివాదం. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. ఊపిరి సరిగా చూసుకుంటే చాలు, గుండెకు ప్రమాదం లేదని తేల్చారు. ఆ తీర్పు తర్వాత నిలవలేదు. క్లోరోఫామ్ గుండె లయను ఉన్నట్టుండి చెడగొట్టగలదని 1911లో లెవీ చూపించాడు. తీర్పు తప్పినా, మత్తు మీద ప్రపంచం మాట్లాడుకునే పరిశోధన మన నిజాం రాజ్యంలో జరిగిందన్నది నిజం. ఇప్పటికి వస్తే, మూడేళ్లలోపు పిల్లలకు పదేపదే గానీ, మూడు గంటలకు మించి గానీ మత్తు ఇవ్వడం మీద అమెరికా ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరిక చేసింది. ఒక్కసారి, గంటలోపు ఇచ్చే మత్తు వల్ల బుద్ధి ఎదుగుదలలో తేడా రాలేదని తర్వాత పెద్ద అధ్యయనం చెప్పింది. కాబట్టి తల్లిదండ్రులు ఒకసారి మత్తుకు భయపడనక్కరలేదు. రెండోసారి, మూడోసారి అవసరమా అని డాక్టరును అడగవచ్చు, అడగాలి కూడా.

ఆ రెండోసారి మత్తు ఎక్కడొస్తుందో చెబుతాను, ఈ ఉపన్యాసానికి అసలు గుండెకాయ అదే. పైలోప్లాస్టీ అయ్యాక కొత్త కుట్టు మానేదాకా మూత్రం పోవడానికి లోపల సన్నని గొట్టం ఉంచుతాం. డీజే స్టెంట్. ఇంటివాళ్లు పైపు అంటారు. ఒక కొన కిడ్నీలో, ఇంకో కొన మూత్రాశయంలో చుట్టుకుని ఉంటుంది, బయటికి ఏమీ కనిపించదు. నాలుగు నుంచి ఆరు వారాలకు తీసెయ్యాలి. పెద్దవాళ్లకైతే జెల్లీ రాసి, చిన్న కెమెరా పంపి, కొన్ని నిమిషాల్లో తీస్తాం. పిల్లవాడు కదలకుండా ఉండడు, మళ్లీ మత్తు ఇవ్వాలి. మళ్లీ రక్త పరీక్షలు, మళ్లీ పరగడుపు, మళ్లీ పట్నం.

ఇప్పుడు దీన్ని పాలమూరు క్యాలెండర్ మీద పెట్టి చూడండి. దసరా, దీపావళి దాటగానే మన దగ్గర ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. కొడంగల్, మద్దూరు, కోస్గి, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె, భివండి. పెద్ద ప్రాజెక్టుల కాలువలు తవ్విన పాలమూరు లేబర్ చరిత్ర మీకు నేను చెప్పేది కాదు. ఊళ్లో ముసలివాళ్లు, బడి మానని పిల్లలు మిగులుతారు, పాలు తాగే పిల్లలు తల్లి వెంట పోతారు. సెప్టెంబరు ఆఖర్లో ఆపరేషన్ అయిన బిడ్డ నవంబరులో స్టెంట్ తీయించుకోవాలి. నవంబరులో ఆ బిడ్డ భివండిలో ఓ భవనం కింద రేకుల షెడ్డులో ఉంటుంది. నొప్పి లేదు, జ్వరం లేదు, పైపు కంటికి కనిపించదు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి స్టెంట్ మీద సున్నంలాగా రాయి పేరుకుని ఉంటుంది. అలాంటి స్టెంట్ లాగితే రాదు. మొదట చేసిన ఆపరేషన్ కంటే అది తీసే ఆపరేషన్ కష్టం. మరిచిపోయిన స్టెంట్ల గురించి మా వైద్య పత్రికల్లో పుంఖానుపుంఖాలుగా రాస్తారు. మరిచిపోయారని తల్లిదండ్రుల మీదే నింద. ఆ తల్లి మరిచిపోలేదు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఆమెను కదలనివ్వలేదు.

దీనికి జవాబు కోట్ల రూపాయల్లో లేదు. స్టెంట్ కింది కొనకు ఒక దారం కట్టి మూత్రద్వారం గుండా బయటికి తెచ్చి అంటిస్తే, వారం రోజుల్లోనో పది రోజుల్లోనో మత్తు లేకుండా లాగెయ్యవచ్చు. కొందరు సర్జన్లు స్టెంట్ కొనను నడుము దగ్గర చర్మం గుండా బయటికి తెస్తారు, అదీ వార్డులోనే తీసేయవచ్చు. ఇంకొందరు ఎంపిక చేసిన పిల్లల్లో స్టెంట్ లేకుండానే కుడతారు. ఏ పద్ధతికి ఉండే చిక్కులు దానికున్నాయి, దారాన్ని పిల్లవాడు గుంజేసుకునే ప్రమాదం ఉంది. కానీ నన్నడిగితే, వలస పోయే కుటుంబపు బిడ్డకు ఆ దారం ఇచ్చే మేలు రోబో ఇవ్వలేదు. రెండోసారి మత్తు తప్పుతుంది, ఒక ప్రయాణం తప్పుతుంది, రాయి కట్టే ప్రమాదం తప్పుతుంది. కోత పరిమాణం గురించి గంటలు మాట్లాడే సదస్సుల్లో దారం గురించి చర్చ భోజన విరామానికి ముందు అయిదు నిమిషాలు.

మగపిల్లల్లో ఇంకో జబ్బు, పీయూవీ. మూత్రమార్గం మొదట్లో పలచని పొర కవాటంలా అడ్డుపడుతుంది. హ్యూ యంగ్ అనే అమెరికా సర్జన్ 1919లోనే దీన్ని వివరించాడు. వేల మంది మగపిల్లల్లో ఒకడికి వస్తుంది, కానీ రెండు కిడ్నీలనూ ఒకేసారి దెబ్బతీస్తుంది గనుక అంత భయం. దీనికి కోతే లేదు. సహజంగా ఉన్న దారిలోంచి పెన్సిల్ కన్నా సన్నని సిస్టోస్కోపు పంపి ఆ పొరను చీల్చేస్తాం. కోత లేని శస్త్రచికిత్స అంటే అసలు ఇదే, కాకపోతే కొత్తది కాదు. అంత సులువైన పనికి కూడా కొందరు పిల్లలు ఆలస్యంగా వస్తారు. "మా పోరడు ఒంటికి పోస్తే చుక్కలు చుక్కలుగ పడుతది మేడం, మా ఆయనకు గూడ చిన్నప్పుడు గట్లనే ఉండేదంట" అంటారు. చుక్కలు చుక్కలుగా పడటం వంశపారంపర్యం కాదు. నెలల పిల్లవాడు ఒంటికి పోసేటప్పుడు ధార దూరంగా పడుతున్నదో లేదో చూడమని ఆశా కార్యకర్తలకు ఒక్క మాట చెబితే చాలు. ఆలస్యమైన పిల్లల్లో పొర తీసేసినా ఇదివరకే జరిగిన నష్టం పూడదు. వీళ్లలో గణనీయమైన భాగం పెద్దయ్యేలోపు డయాలసిస్ దాకా వెళ్తారు.

దిగని వృషణాల గురించి క్లుప్తంగా. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి ఉంటుంది. ఆరు నెలల తర్వాత కిందికి దిగే అవకాశం దాదాపు లేదు, ఏడాది, ఏడాదిన్నరలోపు సరిచెయ్యాలి. చేతికి తగలనివాటికి ల్యాప్రోస్కోపీ నిజంగా వరం, ఎక్కడుందో వెతకడం, కిందికి దించడం ఒకే దారిలో జరిగిపోతాయి. దీనికి రోబో అక్కరలేదు. పదో తరగతిలో ఎన్‌సీసీ మెడికల్‌లో బయటపడి వచ్చే పిల్లలను చూసినప్పుడు మాత్రం నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో చెప్పను.

నల్లగొండవాళ్లు ఇందాకటి నుంచి ఫ్లోరైడ్ మాట ఎందుకు రాలేదా అని ఎదురుచూస్తున్నట్టున్నారు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వంగిన వెన్నులను, వంకర కాళ్లను ప్రపంచమంతా ఫొటోల్లో చూసింది. ఎముకలు కనిపిస్తాయి గనుక ఎముకల గురించే మాట్లాడారు. ఫ్లోరైడ్ ఒంట్లోంచి బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల గుండానే. కిడ్నీ పని తగ్గిన బిడ్డ ఒంట్లో అది మరింత నిలుస్తుంది. అదే నీళ్లు తాగినా అలాంటి పిల్లవాడి ఎముకకు మిగతా పిల్లల కంటే ముప్పు ఎక్కువ. మిషన్ భగీరథ 2016లో మొదలై నది నీరు నల్లాల్లోకి వచ్చాక బోరు నీళ్లు మానేశారు, మంచిదే. కానీ నల్లా రాని రోజు ఇంట్లో తాగేది ఏ నీళ్లో, కిడ్నీ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులను ప్రత్యేకంగా అడగాలి. మా ఓపీ కాగితాల్లో ఆ ప్రశ్నకు గడి లేదు.

దూరం నుంచి ఆపరేషన్ చేసే సంగతి మీరు టీవీల్లో చూసే ఉంటారు. 2025లో హైదరాబాద్ ప్రీతి యూరాలజీ ఆసుపత్రికి చెందిన డాక్టర్ వి. చంద్రమోహన్ గురుగ్రామ్‌లో కన్సోల్ ముందు కూర్చుని, హైదరాబాద్‌లో టేబుల్ మీద ఉన్న 16 నెలల బిడ్డకు పైలోప్లాస్టీ చేశారు. మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైనే. మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర రోబోతో కూడా గురుగ్రామ్ నుంచి జైపూర్‌కు దూరపు ఆపరేషన్లు చేశారు. గొప్ప పనే, సందేహం లేదు. అయితే పేపర్లో హెడ్డింగు చూసి, ఇక పట్నంలో కూర్చుని అచ్చంపేటలో ఆపరేషన్ చేసేస్తారని అనుకుంటే తొందరపాటు. టేబుల్ దగ్గర గొట్టాలు పెట్టే సర్జన్ ఉండాలి. నెట్‌వర్కు తెగితే, రక్తస్రావం అయితే, రోబోను పక్కకు లాగి పొట్ట తెరవగలిగినవాడు అక్కడే నిలబడి ఉండాలి. నెలల పిల్లలకు మత్తు ఇవ్వడం వచ్చిన డాక్టరు ఉండాలి, ఆ రాత్రి చూసుకునే పిల్లల ఐసీయూ ఉండాలి. ఇన్ని ఉన్నచోట దూరపు సర్జన్‌తో పనేముంటుంది? ఈ సాంకేతికత మన దగ్గర ముందుగా పనికొచ్చేది ఆపరేషన్‌కు కాదు, తర్వాతి చూపుకు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడ అల్ట్రాసౌండ్ తీసి, బొమ్మను పట్నం డాక్టరుకు చూపిస్తే, మూడో నెల, ఆరో నెల, ఏడాది ప్రయాణాల్లో చాలా వరకు తప్పుతాయి. దానికి కావాల్సినవి ఒక ఫోను, ఇద్దరు డాక్టర్ల మధ్య ఒప్పందం.

డబ్బు లేదన్న మాట ఒక్కటే అడ్డంకి అనలేం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, అదే డిసెంబరులో నల్లగొండకు వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు కార్డు ఉంది. ఆపరేషన్‌కు ముందు బిడ్డను కనిపెట్టేవాళ్లు, తర్వాత వెంటపడేవాళ్లు లేరు. పిల్లలను బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్షించే ఆర్‌బీఎస్‌కే పథకం 2013 నుంచి నడుస్తున్నది. అందులో పుట్టుక లోపాల జాబితాలో తొమ్మిది ఉన్నాయి, గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె జబ్బు వంటివి. కిడ్నీ ఉబ్బు లేదు, దిగని వృషణం లేదు. వృషణాలు దిగాయో లేదో చూడటానికి చెయ్యి చాలు, స్కాను కూడా అక్కరలేదు. ఆ జాబితాకు ఇంకో రెండు వరుసలు చేర్చమని మా సంఘాలు గట్టిగా అడగాలి. మేం అడగకుండా రోబోల వర్క్‌షాపులు పెట్టుకుంటున్నాం.

ఈ స్మారక ట్రస్టు పెద్దలు ముందు వరుసలో ఉన్నారు కనుక చివరగా నా మనవి. నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం పెట్టించి, దండ వేసి, పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. ఒక స్టెంట్ రిజిస్టర్ కూడా పెట్టించండి. జిల్లా నుంచి ఏ ఆసుపత్రిలో ఏ బిడ్డకు స్టెంట్ వేసినా అందులో ఎక్కాలి: వేసిన తేదీ, తీయాల్సిన తేదీ, రెండు ఫోన్ నంబర్లు, ఒకటి ఇంటిది, ఒకటి మేస్త్రీది. వలస ఎక్కడికి పోతారో ఒక గడి. ముంబైలో కేఈఎం, సాయన్ మున్సిపల్ ఆసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి, స్టెంట్ తీయించుకోవడానికి మళ్లీ హైదరాబాదే రావాల్సిన పని లేదు. డిశ్చార్జి కాగితం మీద స్టెంట్ సంగతి పెద్ద అక్షరాలతో, హిందీలో కూడా రాసి ఇస్తే అక్కడి డాక్టరుకు అర్థమవుతుంది. దీనికి కావాల్సింది సగం రోజు పనిచేసే ఒక నర్సమ్మ, ఒక ఫోను. కాగితం నమూనా నేను తెచ్చాను, సభ అయ్యాక ఇస్తాను. మీరు ఒప్పుకుంటే ఈ దసరాకు ముందే మొదలుపెట్టవచ్చు, బస్సులు కదలకముందు.